నా పీతకి కొమ్ములు మొలిచాయి

శనివారం, తెనాలి. ఇవాళ పొద్దున నా పీతకి కొమ్ములు మొలిచాయి.

సోమవారం కాలేజీలో నేను తయారుచేసిన గేమ్ చూపించాలి. పాత వీడియో గేముల్లోలాగా చిన్న చిన్న గళ్ళతో చేసిన పీత ఒకటి అందులో నడవాలి. నడకకి నాలుగు బొమ్మలు కావాలని ఏఐని అడిగాను. "అదే పీత, అచ్చంగా అదే" అని ఎన్ని మాటలు మార్చి రాసినా, ప్రతి బొమ్మలో ఒక కొత్త పీత వచ్చింది. నాలుగోదానికైతే ఏకంగా కొమ్ములే.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నాయనమ్మ నా ఫోన్‌లోకి తొంగిచూసింది.

"ఏంటే, నలుగురూ అన్నదమ్ములా?"

"కాదు నాయనమ్మా, ఒకటే పీత. నడుస్తోంది."

"నాలుగడుగులు వేసేసరికి కొమ్ములు మొలుస్తాయటే?"

సరైన మాట దొరికితే దేన్నైనా కళ్ళకి కట్టినట్టు గీయించొచ్చని ఈమధ్యే నమ్మడం మొదలుపెట్టాను. పీత దగ్గర ఓడిపోయాను. మీలో ఎవరికైనా ఒకే జంతువు రెండుసార్లు ఒకేలా వచ్చిందా? ఏం రాశారో కాస్త చెప్పండి.

రేపు పొద్దున్నే నాయనమ్మతో చేపల మార్కెట్‌కి వెళ్తున్నాను. ఆవిడ కూరకి పీతలు కొంటుంది. వాటిలో ఒకదాన్ని బకెట్‌లో వదిలి, అది నడిచే తీరు చూస్తూ ఒక్కో గడీ నేనే నింపుకుంటాను. నాయనమ్మ మసాలా నూరేలోపు నాలుగు బొమ్మలూ అయిపోవాలి.