ఆంటీ స్నోషూ తొక్కిన వేళ

కుదరబోయే పెళ్లిని చెడగొట్టుకోవడానికి చాలామందికి నెలలు పడుతుంది. నేను మాత్రం టాహో కొండల్లో, ఒక్క ఉదయంలో, నిండా మంచులో ఆ పని దాదాపు పూర్తిచేశాను. మీరు నవ్వినా నేనేమీ అనుకోను.

అప్పట్లో నాది అమెరికాలో, కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఉద్యోగం. అనన్య అక్కడికి దగ్గర్లోని డబ్లిన్‌లో పుట్టి పెరిగిన పిల్ల. ఇద్దరం ఒక మాట అనుకున్నాం కానీ, "మామ్ ఓకే అంటేనే" అని తను ముందే తేల్చేసింది. వాళ్లమ్మ వసుంధర ఆంటీకి అరవై దాటాయి. ఏటా చలికాలం స్నోషూలు కట్టుకుని కొండలెక్కే మనిషి. "నీకు స్నోషూయింగ్ వచ్చా బాబూ?" అని ఫోన్‌లో అడిగితే, "అయ్యో, నాకది అలవాటే ఆంటీ!" అనేశాను. అప్పటిదాకా నేను మంచును ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా చూసి ఎరగను.

స్నోషూ అంటే మంచులో కూరుకుపోకుండా బూటు కింద పట్టీలతో బిగించుకునే, వెనక తోకలా సాగిన చేటంత తొడుగు. ఆ వారాంతమే ముగ్గురం టాహో చేరాం. ఆంటీ నిమిషంలో బిగించుకున్నారు. నేను పావుగంట కుస్తీపట్టి ఆవిడ వెనకే బయల్దేరాను. ఏం నడకండీ ఆవిడది! అంత ఎత్తులో ఆయాసమన్నది లేదు. "అదిగో కిరణ్, లేక్ చూడు!" అన్నారు. పైన్ చెట్ల సందున నీలంగా, నిశ్చలంగా అంత సరస్సు! అబ్బ, కళ్లు తిప్పుకోలేకపోయాను. అలా చూస్తూనే వెళ్లి ఆంటీ స్నోషూ తోక మీద కాలేశాను.

పెద్దవాళ్లకు కాలు తగిలితే మన చెయ్యి ఊరుకుంటుందా? తాకి కళ్లకద్దుకుందామని వంగాను, తొక్కిన కాలు మాత్రం తియ్యకుండా. ఆవిడ అడుగు వెయ్యబోయారు, కాలు రాలేదు. ముందు ఆవిడ, వెనక తలకిందులుగా నేను, ఇద్దరం మంచులో పడ్డాం.

"అయ్యయ్యో, సారీ ఆంటీ!" అంటూ లేవబోయి మళ్లీ ఆవిడ కాలే తొక్కాను. మళ్లీ వంగాను. మళ్లీ పడ్డాను.

"దణ్ణాలు తర్వాత బాబూ! ముందు కాలు తియ్యి!" అన్నారు ఆంటీ.

"కిరణ్, స్టాప్! మామ్‌ని తొక్కకు!" అని వెనకనుంచి అనన్య అరుస్తోంది.

హడలిపోయి వెనక్కి నడవబోయాను. స్నోషూలతో వెనక్కి నడవకూడదట. తోకలు మంచులో దిగబడి ఈసారి వెల్లకిలా పడ్డాను. ఇంక నా పెళ్లి అయినట్టే అనుకున్నాను. ఏడుపొక్కటే తక్కువ.

ఆంటీ తనే లేచి, మంచు దులుపుకుని, ఒంటిచేత్తో నన్ను లాగి నిలబెట్టారు. ఆవిడకు మనసులోనే సాష్టాంగపడ్డాను.

"నిజం చెప్పు. ఇంతకుముందు ఎప్పుడైనా చేశావా?"

"లేదాంటీ. ఇదే ఫస్ట్ టైమ్."

"మరి అలవాటే అన్నావు?"

"రాదంటే మీరు నో అంటారేమోనని భయమేసింది ఆంటీ."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి కూతురి వైపు తిరిగారు.

"వీడికి నడవడం రాదు. అబద్ధమాడటం అంతకన్నా రాదు. చేసుకోవే, హాయిగా ఉంటావు."

కనుక ఆ కొండ సాక్షిగా ఆనాడే ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట అత్తగారి కాలు ఎన్నిసార్లు తొక్కినా సరే, కాళ్లకు స్నోషూలుండగా చచ్చినా వంగను. దణ్ణమేదో నిలబడే పెడతాను.