శుక్రుడు మునిగిన రోజులు

నా చిన్నప్పుడు, యుద్ధం నడుస్తున్న కాలంలో, మూఢం రావాలని మొక్కుకున్నది మా ఊళ్లో నేనొక్కదాన్నే అయి ఉంటాను. మాది బంగారుపాళ్యం పక్క పల్లె. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను పెంచిన అక్కకు పెళ్లయింది, గూడూరుకు కాపురానికి పంపాలి. శుక్రుడు సూర్యుడి వెలుగులో పడి కనబడని మూఢంలో కొత్త కోడలిని అత్తగారింటికి పంపరు. మూఢం దగ్గరపడింది కాబట్టి, అది పోయాకే పంపుదామన్నాడు నాయన.

మా వైపు దాన్ని 'సుక్క మునగడం' అంటారు. మా బావిలో మునిగిన చెంబు మళ్లీ దొరకలేదు. చుక్కా అంతేననీ, అక్క ఇక నాతోనే ఉంటుందనీ నమ్మాను. రోజూ పొద్దు వాలగానే పెరట్లో నిలబడి పడమరకు చూసేదాన్ని.

సర్వే పని చేసి వచ్చిన పక్కింటి తాత అది గమనించాడు.

"దినామూ ఆడ నిలబడి ఏం సూస్తాండావు మే?"

"సుక్క ఎప్పుడు మునుగుతాదా అని, తాతా."

ఆయన నవ్వకుండా పోయి, భూములు కొలిచే దుర్భిణి తెచ్చి మూడుకాళ్ల పీట మీద బిగించాడు. కన్ను ఆనించి చూస్తే సన్నని నెలవంక.

"ఇది సందమామ. నన్ను మోసం సేస్తాండావు."

"అట్లయితే సందమామ యాడుండాడో సూపించు."

ఆకాశమంతా వెతికాను. చంద్రుడు లేడు.

నేను చూసింది శుక్రుడినేనని, మన కంటికంటే దుర్భిణి నోరు పెద్దదని, అందుకే ఎక్కువ వెలుగు తాగి, చిన్నదాన్ని పెద్దది చేసి చూపుతుందని తాత చెప్పాడు. ఇంకా పెద్దవాటితో తోకచుక్కల్నీ, మన పాలపుంత వంటి వేరే పాలపుంతల్నీ కూడా చూస్తారట. శుక్రుడు మనకు, సూర్యుడికి మధ్యకు వస్తున్నాడు. వెలుగున్న ముఖం అటు తిరిగింది కనుక మనకు వంకే కనిపిస్తుంది.

"మునగడమంటే పోవడం కాదమ్మా. కొన్నాళ్లకు తెల్లారుజామున తూరుపున వస్తాడు."

"రాకుండా సేయలేవా తాతా?"

ఆయన దుర్భిణి గాజు తుడిచాడు. "దీంతో సూడను అవుతాది గానీ, ఆపను కాదు. ఈడ నిలబడితే ఏమొస్తాది? ఇంట్లోకి పో, మీ అక్క ఇంకా ఉండాది."

పోయాను. నా జడ నేనే అల్లుకోవడం నేర్పమని అక్కను అడిగాను. ఆమె నా వెనక కూర్చుని, నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి, పాయ మీద పాయ వేయించింది. మూఢం పోయేదాకా రోజూ అదే పని.

చుక్క తూర్పున పొడిచింది. బండి కట్టారు. మర్నాడు నా తల నేనే దువ్వుకున్నాను, పాపిడి వంకరగా వచ్చింది.

ఏళ్ల తర్వాత నా బిడ్డలూ ఒక్కొక్కరే వెళ్లారు. ఏ ప్రయాణాన్నీ ఆపమని నేను మొక్కలేదు. కోడలు జడ వేస్తానంటే ఇప్పటికీ వద్దంటాను, మొండిదాన్ననుకుంటుంది. చేతులు వెనక్కి పెట్టినప్పుడు, నా వేళ్ల మీద ఇంకొకరి వేళ్ల బరువు తెలుస్తుంది.