సీసం పాఠం

ఇన్నేళ్లుగా లోపల పెట్టుకుని తిరుగుతున్న మాట ఇది. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. నా పేరు అడగకండి. బీదర్‌లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతానని తెలిస్తే చాలు.

మా బడిలో సుస్థిర అభివృద్ధి అని ఒక పాఠం పెట్టారు. విదేశాల నుంచి పాత లోహం తెప్పించుకునే ఒక కంపెనీ దాని ఖర్చు భరించింది. వీడియో కూడా వాళ్లే ఇచ్చారు. తెల్ల కోట్లు, మెరిసే యంత్రాలు. ఎక్కడో వాడి పారేసిన కారు బ్యాటరీలు ఓడలెక్కి మన దేశానికి వస్తాయి, వాటిలోని సీసం కరిగి కొత్తదవుతుంది, భూమిని తవ్వే పని తప్పుతుంది. నేనూ అదే చెప్పాను. బాగానే చెప్పాను, అదే నా ఖర్మ.

కంపెనీ వాళ్లు చూడటానికి వచ్చిన రోజు సువర్ణ లేచి నిలబడింది. జనవాడ వైపు నుంచి బస్సులో వచ్చే తొమ్మిదో తరగతి పిల్ల. కన్నడంలో మొదలుపెట్టి, తడబడి, ఇంట్లో మాట్లాడే తెలుగులోకి వచ్చేసింది.

"టీచర్, మా ఊరి పక్కన రేకుల షెడ్డుల గివే బ్యాటరీలు పలగ్గొట్టి కరిగిస్తుండ్రు. మా అమ్మ ఆడనే పనిచేస్తది. రోజూ కడుపునొప్పి అంటది. గంత మంచి పనైతే వాళ్ల దేశంలనే ఎందుకు చేసుకుంటలేరు?"

వచ్చినవాళ్లకు ఆ రెండు భాషలూ రావు. ఏమంటోందని అడిగారు. వీడియో బాగుందంటోందని హిందీలో చెప్పాను. తర్వాత ఆమె వైపు తిరిగాను.

"అబద్ధాలు చెప్పకు. గసొంటి షెడ్డు ఏడ లేదు. కూసో."

షెడ్డు ఉంది. నాకు తెలుసు. ఓడరేవు నుంచి అక్కడికి బ్యాటరీలు తెచ్చే లారీ మా అన్నది.

అన్న కోసం అన్నానా? ఉద్యోగం కోసమా? అంతమంది ముందు నా పాఠం తప్పని తేలుతుందనా? ఎన్నిసార్లు అడుక్కున్నా అన్నిటికీ కొంచెం కొంచెం అవుననే జవాబు వస్తుంది, ఆ కొంచెం కొంచెం అన్న మాటే నాకు చిరాకు, ఎందుకంటే తప్పును అలా పంచుకుంటూ పోతే ఏ వాటా బరువనిపించదు.

పిల్లలు ఆమెను అబద్ధాల సువర్ణ అన్నారు. నేను ఆపలేదు. ఆమె మళ్లీ నా క్లాసులో చెయ్యెత్తలేదు. మరుసటి ఏడు ఆమె తల్లిని హైదరాబాద్ తీసుకెళ్తే రక్తంలో సీసం ఉందన్నారు. ఊరివాళ్లు గొడవ చేశాక షెడ్డు మూశారటగా అని అన్నను అడిగాను. నవ్వాడు. మూయలేదు, ఇంకో ఊరి పొలాల్లోకి జరిపారన్నాడు.

మొన్న ఆసుపత్రిలో సువర్ణ కనిపించింది, తల్లిని పట్టుకుని. ఆ తల్లి చేతిలో గ్లాసు నిలవడం లేదు. బాగున్నరా టీచర్ అని పలకరించింది. తిట్టినా బాగుండేది. బాగున్నాననే అన్నాను.

ఒళ్లు మండే సంగతి ఇంకొకటి. ఇప్పుడు ఆ పాఠం చెప్పడంలో వేరే బడుల టీచర్లకు శిక్షణ ఇచ్చేది నేనే. అదే వీడియో. వాళ్లు తలలూపుతారు, నేను వీడియోలో తర్వాతి భాగానికి పోతాను.

ఇది రాస్తే ఆ తల్లి చెయ్యి వణకడం ఆగదు. క్షమించమని సువర్ణను అడిగే మొహమూ లేదు నాకు. కానీ ఇక్కడిదాకా రాసేసరికి ఊపిరి కాస్త ఆడుతోంది, కాబట్టి ఆ ఒక్క మాటా సూటిగా చెప్పేస్తాను. ఆ రోజు తరగతిలో సువర్ణ చెప్పింది నిజం. అబద్ధమాడింది నేను.