మూసుకోని కొట్టు తలుపు

ఆ పాత ఎస్టేటులో యజమానుల మేడ తప్ప మిగతా కట్టడాలన్నిటికీ ఉన్నది మా పిన్ని చేతి తెలుపే. పశువుల కొట్టం, బండ్లసాల, గుండ్రటి పావురాల గోపురం, చివరగా పొట్టి రాతి స్తంభాల మీద నేలకు అంటకుండా నిలబడ్డ ధాన్యపు కొట్టు. ఏటా కోతలకు ముందు అన్నిటికీ సున్నం పడాల్సిందే. ఈ పని ఆమెకు అత్తగారి నుంచి వచ్చింది. పాత పూత గీకే అలవాటు వాళ్లకు లేదు. "మీద వేస్తే చాలు, గోడ తాగేస్తుంది," అనేదట అత్తగారు.

గోడ తాగలేదు, ఒళ్లు చేసింది. కొట్టు వాకిలికి అటూ ఇటూ ఉన్న రాళ్ల మీద పూత పేరుకుని తలుపు బిగుసుకునేది. పిన్ని మరిది వడ్రంగి. ఆయన వచ్చి తలుపు అంచు చిత్రిక పట్టి వెళ్లేవాడు. మళ్లీ ఏడాది పిన్ని అక్కడే కుంచె ఆడించేది. తలుపు ఎందుకు బిగుస్తోందన్న అనుమానమే రాకుండా ఇద్దరికీ జుట్టు నెరిసింది.

ఈసారి చిత్రిక పడుతుంటే అంచు చీలి, గడియ ఊడి ఆయన చేతికొచ్చింది. యజమానురాలు చూసి, వాకిలి పగలగొట్టించి ఇనప షట్టర్ పెట్టిస్తానన్నారు. అంటే పైనున్న రాతి కమానూ పోతుంది. కొత్త కోడలిగా పిన్ని మొదటిసారి కుంచె పట్టింది ఆ కమాను కిందే.

"శనివారం దాకా ఆగండమ్మగారూ," అని బతిమాలుకుంది. ఆవిడ సరేనని వెళ్లగానే మరిది మీద విరుచుకుపడింది.

"నీ తలుపు ఉబ్బిపోయిందయ్యా!"

"బక్కచిక్కి సగమైతే ఉబ్బడమేంటి వదినా? నీ గోడకే పొట్టొచ్చింది, చూడు." ఉలితో ఒక్కటిచ్చాడు. బొటనవేలంత మందాన పెచ్చు ఊడిపడింది.

పిన్ని దాన్ని తిప్పి తిప్పి చూసింది. "ఇందులో అత్తయ్య పూతలు కూడా ఉన్నాయి."

"ఉంటాయి మరి. మా అమ్మా గీకలేదు, నువ్వూ గీకలేదు. నేనేమో నోరు మూసుకుని చెక్కుతూ పోయాను. ముగ్గురికి ముగ్గురం!"

పిన్నికి నవ్వాగలేదు. నవ్వు తగ్గాక ఉలి అందుకుని తనే గీకడం మొదలుపెట్టింది.

శనివారానికి రాయి బయటపడింది, దానితో పాటు తలుపు ఆనడానికి అప్పట్లో చెక్కిన గాడి కూడా. కానీ అరిగిపోయిన తలుపు అందులో లొడలొడలాడింది. మరిది రెండంచులకూ కొత్త చెక్క బిగించి, ఊడిన గడియ మళ్లీ అమర్చి వేశాడు. యజమానురాలు భుజంతో నెట్టి చూశారు. తలుపు కదల్లేదు. షట్టర్ మాట ఆవిడ మళ్లీ ఎత్తలేదు.

పిన్ని మిగతా గోడకు సున్నం వేస్తూ వాకిలి రాయి దాకా వచ్చింది. మరిది అడ్డంగా నిలబడ్డాడు.

"ఇక చాలు వదినా."

"రాయి మీదికి రానులే. నీ చిత్రికేది?"

"ఇంట్లో ఉంది."

"అక్కడే ఉండనీ," అని పిన్ని కుంచె కడుక్కోవడానికి వెళ్లింది.