చూద్దాం సారుకు వేసిన ఓటు

ఈ శుక్రవారం పొద్దున మస్కట్ రూవిలో మా రూమ్ కింద ఉన్న మలయాళీ హోటల్లో టీ తాగుతుంటే ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. మా నియోజకవర్గంలో పార్టీ టికెట్ ఎవరికివ్వాలో సభ్యులే చెప్పాలట. ఒకటి నొక్కితే ఒకాయన, రెండు నొక్కితే ఇంకొకాయన. కింద దండం పెట్టే చేతుల బొమ్మలు రెండు కూడా పెట్టారు. ఒకటో నంబరు పక్కనున్న ఫోటో చూస్తూ టీ చల్లారేదాకా అలాగే కూర్చున్నాను. కిందటిసారి ఈ ముఖానికే నేను ఓటేశాను. అప్పుడాయన మా పార్టీలో మెతక మనిషి. ఇప్పుడు ఆయనే గట్టి మనిషట. ఆయనకు పోటీగా ఇంకో మెతక మనిషిని ఎక్కడినుంచో పట్టుకొచ్చారు. ఇలాంటివి చూస్తే ఒకప్పుడు కోపం వచ్చేది. ఇప్పుడు కోపం రావడం లేదు, బల్ల మీద ఎవరో ఉమ్మితే చూసినట్టు ఉంటుంది, అంతే.

కిందటి ఎన్నికల ముందు సంగతి చెప్తాను. ఉత్తర తెలంగాణలో మా వైపు, గల్ఫ్‌లో మనిషి లేని ఇల్లు వెతికి పట్టుకోవాలి. టికెట్ కోసం ఇద్దరు కొట్లాడుకుంటుంటే ఎటూ తేల్చలేని పార్టీ పెద్దలు ఆ తలనొప్పిని సభ్యుల మీదికి నెట్టారు. గల్ఫ్‌లో ఉన్న సభ్యులు ఫోన్లో ఓటేయొచ్చన్నారు. అప్పటిదాకా మేం బతికున్నామో లేదో పట్టని వాళ్లకు మేం రాత్రికి రాత్రి 'గల్ఫ్ బిడ్డలం' అయిపోయాం. పోటీలో ఒకాయన కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషి. మడత నలగని తెల్ల చొక్కా, తగ్గు గొంతు. ఏదడిగినా తల కొంచెం పక్కకు వంచి, కళ్లు సగం మూసి 'చూద్దాం' అనేవాడు. చెరువు పూడిక తీయిస్తారా అంటే చూద్దాం. బడికి గోడ కట్టిస్తారా అంటే చూద్దాం. అన్నం తిన్నారా సారూ అని అడిగినా చూద్దామన్నాడని మా రూమ్‌లో చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. ఆయన పేరు చూద్దాం సారు. రెండో ఆయనకు రైస్ మిల్లు ఉంది. 'కట్టుబాటు' అన్న మాట లేకుండా వాక్యం ముగించలేడు. ఆడపిల్ల చదువుకు కట్టుబాటు, నవ్వుకు కట్టుబాటు, వాకిట్లో నిలబడటానికీ కట్టుబాటు. ఆయన మిల్లు కాంటాకు మాత్రం ఏ కట్టుబాటూ లేదని రైతులు చెప్పేవారు. మేం ఆయన్ని కట్టుబాటు సేటు అనేవాళ్లం.

ఈ సేటు తన ఊళ్లో ఒక తీర్మానం చేయించాడు. ఆడవాళ్లను ఇంటిపనికి గల్ఫ్‌కి పంపిన ఇళ్లను పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఎవరూ పిలవకూడదు, వాళ్లు పిలిస్తే ఎవరూ వెళ్లకూడదు. మగవాళ్లు గల్ఫ్‌కి వెళ్లొచ్చు, పదేళ్లు ఇంటి ముఖం చూడకపోయినా ఫరవాలేదు, దానికి కట్టుబాటు అడ్డురాదు. టికెట్ ఇస్తే నియోజకవర్గం మొత్తం ఇదే పద్ధతి తెస్తానని ఆయన చెప్పుకుంటున్నాడు. అది మా పెద్దనాన్న కొడుకు ఊరు కూడా. ఆ అన్న ఒకప్పుడు ఇక్కడే ఒమాన్‌లో సలాలా దగ్గర సైట్‌లో పనిచేస్తూ పరంజా మీదినుంచి పడ్డాడు. నడుము పోయింది. మంచం దిగి నాలుగడుగులు వేయడానికే ఏడాది పట్టింది. అప్పుడు ఇద్దరు ఆడపిల్లల్ని తన అత్త దగ్గర వదిలి మా వదిన బయల్దేరి వచ్చింది.

వదిన మస్కట్ పక్కనే సీబ్‌లో ఒక విల్లాలో వంట చేస్తుంది. వచ్చిన కొత్తల్లో ఉప్పు అడిగితే చక్కెర తెచ్చేంత అయోమయం. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ ఇంటి ముసలావిడ, ఏ చేప కొనాలో వదినను అడగందే డ్రైవర్ని బజారుకు పంపేది కాదు. ఎండు నిమ్మకాయ వేసి ఆమె చేసే కూర కోసం ఆ ఇంటి అల్లుళ్లు నిజ్వా నుంచి వచ్చేవారు. గురువారం గురువారం ఆమె తన కోసం పచ్చిపులుసు చేసుకుంటే ఆ ఇంటి పిల్లలు గ్లాసులు పట్టుకుని వరసలో నిలబడేవారట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె ముఖంలో కనిపించే గర్వాన్ని నేను ఏ ఎమ్మెల్యే ముఖంలోనూ చూడలేదు. అప్పటికి పెద్దకూతురు నర్సింగ్ చదువుతోంది, చిన్నది ఇంటర్. కట్టుబాటు సేటు కళ్లకు ఇది చెడిపోయిన ఇల్లు.

అభ్యర్థులిద్దరూ మస్కట్‌కి వస్తున్నారని తెలిసింది. ఒకరొస్తే ఆ లాభం ఆయనకే పోతుందని రెండో ఆయనా బయల్దేరాడు. ఒకే విమానంలో వచ్చారు, ఒకే కారెక్కడానికి మాత్రం ఒప్పుకోలేదు. మా రూమ్‌లో ఉండే డ్రైవరు కడప భాయ్ పాపం ఎయిర్‌పోర్టుకు రెండుసార్లు తిరిగాడు. ఇక్కడ రాజకీయ సభలు పెట్టకూడదు కాబట్టి రూవిలో ఒక హోటల్ మేడమీద హాలు తీసుకుని పుట్టినరోజు అని చెప్పాం. కేకు మీద ఎవరి పేరు రాయాలని బేకరీవాడు అడిగితే మా పెద్దలు బిక్కముఖాలు వేసి, పేరొద్దు, పువ్వులు వేయమన్నారు. ఎవరి పుట్టినరోజో తెలియని ఆ కేకును అభ్యర్థులిద్దరూ ఒకే కత్తి పట్టుకుని కోశారు. ఫోటోలు దిగారు. అంతవరకు వాళ్లు కలిసి చేసిన ప్రజాసేవ అదొక్కటే.

నా సంగతి కూడా చెప్పాలి, దాచడం మర్యాద కాదు. చూద్దాం సారు మనుషులు నన్ను మస్కట్ శాఖకు కన్వీనర్ని చేస్తామన్నారు. కన్వీనర్ అంటే ఏం పని అని నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. కంపెనీ స్టోర్‌లో ఇరవై ఏళ్లుగా పైపులూ బోల్టులూ లెక్కపెట్టే మనిషికి పేరు ముందు ఒక మాట చేరుతుందంటే చాలు, వెన్నెముక దానంతటదే వంగుతుంది. ఆ రోజు మైకు నా చేతికే ఇచ్చారు. నేను కొత్త చొక్కా వేసుకున్నాను. అంతకు రెండు రోజుల ముందు వదిన ఫోన్ చేసి, సభకు వస్తానని, లేచి ఒక్క మాట అడుగుతానని, తను అడుగుతున్నప్పుడు నేను పక్కన నిలబడితే చాలని చెప్పింది. నిలబడతానని మాటిచ్చాను.

ఆమె సీబ్ నుంచి బస్సులో, ఇంకో ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. ఆడవాళ్లకు కుర్చీలు హాలు చివర, చేతులు కడుక్కునే చోట వేశారు. అక్కడ కూర్చుని గంటన్నర ఉపన్యాసాలు విన్నది. తర్వాత నడుచుకుంటూ ముందుకొచ్చి, నేనేమీ అనకముందే నా చేతిలోంచి మైకు తీసుకుంది. గొంతు పెంచలేదు.

"మా ఇంటోళ్లను పెండ్లిళ్లకు పిలుస్తలేరు. మా పెద్దబిడ్డ దోస్తు పెండ్లైతే అది తలుపేస్కొని ఇంట్ల కూసున్నది. గీ తీర్మానం తప్పో ఒప్పో, సారూ, మీరు సదువుకున్నోళ్లు, ఒక్క మాట చెప్పుండ్రి."

ముందు సేటే అందుకున్నాడు. తాను కట్టుబాటు తప్పనని, ఆడదానికి ఇంటిని మించిన చోటు లేదని, ఆమె తిరిగొస్తే కుట్టుమిషన్ ఇప్పిస్తానని అన్నాడు. ఆయన మనుషులు చప్పట్లు కొట్టారు.

"నా పెనిమిటి నడుం పడిపోయిననాడు నేను మీ ఇంటికే వచ్చిన సేటూ," అంది వదిన. "వాకిట్లనే నిలవెట్టి తోలిచ్చిన్రు. గప్పుడు మీకు మిషన్ యాదికి రాలేదు." ఆ మాట అని మళ్లీ చూద్దాం సారు వైపు తిరిగింది.

హాలంతా ఆయన నోటి వంక చూసింది. ఒక్క మాట చాలు. తప్పు అంటే రెండక్షరాలు. ఆయన తల పక్కకు వంచాడు. కళ్లు సగం మూశాడు. అమ్మ బాధ తనకు అర్థమైందన్నాడు. ఊరి పెద్దల మనసు కూడా మనం అర్థం చేసుకోవాలన్నాడు. గెలిచాక అందరం కూర్చుని మాట్లాడుకుందాం, చూద్దాం, అన్నాడు.

"ఇప్పుడు కూసొనే ఉన్నరు గద సారూ," అంది వదిన.

ఎవరో నవ్వారు. చూద్దాం సారు ముఖం కందిపోయింది. ఆయన పక్కనున్న మనిషి నాకు కళ్లతో సైగ చేశాడు. నేను ముందుకెళ్లాను. పక్కన నిలబడటానికి కాదు. ఆమె చేతిలోంచి మైకు లాక్కుని, "టైం అయితున్నది వదినా, పోయి కూసో," అన్నాను. ఆమె నా వైపు చూసింది. చేతులు కడుక్కునే చోటికి తిరిగి వెళ్లి, తన సంచీ తీసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది. వెనకాలే ఆ ఇద్దరు ఆడవాళ్లూ వెళ్లారు. మేం బిర్యానీ తిన్నాం.

ఆ తర్వాతి వారమంతా నేను రూమ్‌లో అందరికీ లెక్కలు చెప్పాను. సేటు వస్తే కొంప మునుగుతుంది, సారు కనీసం ముంచడు, మనలాంటి వాళ్లు బుర్ర ఉపయోగించి తక్కువ చెడ్డవాణ్ని ఎంచుకోవాలి అని. ఎంతో లోకం చూసినవాడిలా చెప్పాను. కడప భాయ్ రొట్టె తుంచుకుంటూ అంతా విన్నాడు.

"ఇద్దురూ ఒకటేలే అన్నా," అన్నాడు చివరికి. "ఆ సేటు తలుపు మూస్తానంటాండాడు. మీ సారు సప్పుడు గాకుండా మూస్తానంటాండాడు. అంతే తేడా."

ఆయనది వేరే జిల్లా, వేరే గొడవ, ఆయనకేం తెలుసని కొట్టిపారేశాను. వదినకు ఫోన్ చేసి కూడా అదే లెక్క చెప్పబోయాను. తను ఎవరికీ వేయనని, నన్ను ఇష్టమొచ్చినట్టు చేసుకోమని చెప్పి పెట్టేసింది.

ఫోన్ ఓట్లలో చూద్దాం సారు కొద్ది తేడాతో గెలిచి టికెట్ తెచ్చుకున్నాడు. మేం మళ్లీ కేకు కోశాం. నెల తిరక్కుండానే, అలిగిన సేటును దారికి తెచ్చుకోవడానికి ఆయన సేటు ఊళ్లోనే సభ పెట్టి, కట్టుబాట్లు మన ఆస్తి అని ఉపన్యాసమిచ్చాడు. అదే తగ్గు గొంతు, అదే తెల్ల చొక్కా. ఆయన ఎమ్మెల్యే అయ్యాక ఆ తీర్మానం ఇంకో ఏడెనిమిది ఊళ్లకు పాకింది. సేటు ఊళ్లో డప్పు వేసి చాటారు; ఈ ఊళ్లలో చాటింపు లేదు, కాగితం లేదు, ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు, పిలుపులు మాత్రం ఆగిపోయాయి. నన్ను కన్వీనర్ని చేశారు. ఒక శాలువా పంపారు. మస్కట్ ఎండలో శాలువా.

వదిన పెద్దకూతురు నర్సింగ్ పూర్తి చేసినప్పుడు అన్న ఊరందరికీ భోజనాలు చెప్పాడు. టెంట్ వేసి, మేకను కోసి, పెద్ద గిన్నెలతో వండించాడు. ఊరు రాలేదు. పట్టుమని పదిహేను మంది వచ్చారు. వదిన సీబ్ నుంచి వీడియో కాల్‌లో ఖాళీ బంతులు చూసిందట. ఏడుస్తుందేమోనని అందరూ బెదిరిపోతే, "వచ్చినోళ్లకు ఇంకింత వెయ్యుండ్రి, నల్లిబొక్కలు మంచిగ చూసి వెయ్యుండ్రి," అని చెప్పి, ఇక్కడ పొయ్యి మీద కూర ఉందని ఫోన్ పెట్టేసిందట. ఈ సంగతి నాకు అన్న చెప్పాడు. ఆ ఫోన్ తర్వాత వదిన నాతో మాట్లాడటం లేదు కాబట్టి అన్నీ అన్న ద్వారానే తెలిసేవి.

ఆ అమ్మాయికి ఇప్పుడు మత్రాలో ఒక క్లినిక్‌లో ఉద్యోగం. మోకాలు వాస్తే పోయిన నెల అక్కడికే వెళ్లాను. నన్ను చూడగానే కుర్చీ వేసి, మోకాలికి కట్టు కడుతూ ఊళ్లో వాళ్ల కబుర్లన్నీ చెప్పింది. వాళ్లమ్మ చేతివేళ్లే. ఇక ఉండబట్టలేక, ఆ రోజు హాల్లో జరిగినదానికి వాళ్లమ్మకు నా మీద ఇంకా కోపమేనా అని అడిగాను. ఆ పిల్ల తలెత్తి చూసింది, అర్థం కానట్టు.

"కోపమెందుకు చిన్నాయనా? గంతమంది మగోళ్లల్ల నువ్వొక్కనివే అమ్మకు మైకు ఇచ్చినవంట గద. మా చెల్లెకు గూడ గదే చెప్పింది."

కట్టు బిగుతుగా ఉందా అని అడిగితే తల ఊపి, మందులు తీసుకుని, సముద్రం ఒడ్డున కార్నిష్ రోడ్డు వెంట కుంటుకుంటూ చాలాదూరం నడిచాను. పదవులకు అయిదేళ్లకొకసారి గడువు తీరుతుంది, వచ్చినవాళ్లు పోతారు, జనం మరిచిపోతారు. ఒక ఆడమనిషి చేతిలోంచి మైకు లాక్కోవడానికి పట్టిన ఆ అర నిమిషం మాత్రం ఎన్నేళ్లయినా గడవడం లేదు, నాతోపాటే దానికీ వయసు పెరుగుతోంది.