డెరివేటివ్‌లీ భీమశంకరం

ఏలూరులో భీమశంకరం మాస్టారికి 'డెరివేటివ్‌లీ' అనకుండా ముద్ద దిగదు. అంటే సొంతంగా కాదు, మరోదాన్నుంచి పుట్టుకొచ్చిందని అర్థం. తాడేపల్లిగూడెం కాలేజీలో ఇంగ్లీషు చెప్పి ఆయన రిటైరయ్యారు గానీ, ఆ మాట రిటైరవలేదు. కొల్లేట్లో వలస కొంగని చూస్తే, "ఇది డెరివేటివ్‌లీ సైబీరియాదండీ!" ఆటోవాడు హారన్ కొడితే, "నీ హారన్ డెరివేటివ్‌లీ గేదెదోయ్!"

కోడలు పద్మప్రియకి మాత్రం నవ్వొచ్చేది కాదు. చారు కుదిరితే, "డెరివేటివ్‌లీ మీ అత్తయ్యదమ్మా." పులిహోర కుదిరితే అదీ అత్తయ్యదే.

"ఈ ఇంట్లో నాదంటూ ఏవైనా ఉందాండీ?" అని మొగుడు శ్రీరామచంద్రని నిలదీసింది.

"నేనున్నానుగా!"

"మీరు మాత్రం? డెరివేటివ్‌లీ అత్తయ్యగారి సొత్తే!"

ఆ అత్తయ్య మంగతాయారు ఓ మాఘమాసంలో కన్నుమూసింది. ఇల్లు బావురుమంది. మాస్టారు ఆ మాటే మర్చిపోయారు. ఆవిడ కలిపిన ఆవకాయ జాడీ అడుగంటేదాకా రోజూ ఓ ముక్క వేసుకుని, తలొంచుకు తినేవారు.

సంవత్సరీకాలయ్యాక, ఎండల్లో, పద్మప్రియ తొలిసారి తనే ఆవకాయ కలిపింది. అత్తయ్య చేతి రుచి ఆవిడతోనే పోకూడదని ఆమె తపన. తీరా మావగారి బీపీ గుర్తొచ్చి ఉప్పు తగ్గించింది. ఉప్పు తగ్గితే ఆవకాయ ఊరుకుంటుందా? నెల తిరక్కుండా బూజు పట్టింది.

సరిగ్గా అప్పుడే గణపవరం నుంచి మాస్టారి అక్కయ్య వెంకటసుబ్బలక్ష్మి దిగింది. వస్తూనే జాడీ మూత తీసింది.

"అయ్యో రాత! మంగతాయారుతోపాటే ఈ ఇంటి ఆవకాయా పోయిందన్నమాట!"

పద్మప్రియ పొయ్యి వైపు తిరిగి ఏడ్చేసింది.

"అక్కయ్యా, ఆ బూజు నాదే," అన్నారు మాస్టారు పడక్కుర్చీలోంచి.

"నువ్వెప్పుడు కలిపావురా?"

"ఉప్పు తగ్గింది కాబట్టి బూజు. నాకు బీపీ కాబట్టి ఉప్పు తగ్గింది. డెరివేటివ్‌లీ నాది కాక మరెవరిది?"

ఇన్నాళ్ళకి ఆ మాట! పద్మప్రియ కళ్ళు తుడుచుకుంది. ఉప్పు సంగతి తనెవరికీ చెప్పలేదు మరి.

మర్నాడు మాస్టారే బజారుకెళ్ళి, కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు ముక్కలు కొట్టించి తెచ్చారు. ఈసారి ఉప్పు నిండుగా పడింది. మూడోనాడు తిరగకలిపి, వేడన్నంలో వేసి, నూనె పోసి పెట్టిందామె. మొదటి ముద్దకే మాస్టారి కళ్ళు ధారకట్టాయి.

"కారం ఎక్కువైందాండీ మావయ్యగారూ?"

"అబ్బే, లేదమ్మా. ఈ కన్నీళ్ళు డెరివేటివ్‌లీ ఆవకాయవి."

"మరి ఆవకాయో?"

ఏమంటారో తెలిసే అడిగింది. మాస్టారు ముద్ద మింగి, కండువాతో కళ్ళొత్తుకున్నారు.

"నీది," అన్నారు. "బీపీ నాది. ఇంకాస్త వెయ్యి."