మంద తలెత్తిన పాట

మోత్కూర్‌లో నేను కిరాయికి ఉండే గదికి ఒకే కిటికీ. దానికీ, నాలుగు గోడలకీ పాత బొంతలు వేలాడదీసుకున్నాను, రోడ్డు మీద పత్తి లారీలు పోయే చప్పుడు మైకులో పడకుండా. నాకు కంపెనీ లేదు, మేనేజరు లేడు. పాట రాసేది, పాడేది, రికార్డు చేసేది, ఛానల్‌లో పెట్టేది నేనే. ఆదివారం పొద్దున ఇంటి పని తెమిలాక ఆ గదిలో కూర్చుని లైవ్ పెట్టేదాన్ని. ముందు నా సంగతులు చెప్పేదాన్ని. ఏ ఊళ్లో పాడబోతున్నానో, కొత్త పాట ఎక్కడిదాకా వచ్చిందో, ఏ చరణం కుదరక సతాయిస్తోందో అన్నీ చెప్పేదాన్ని. ఆ తర్వాత ఎవరో ఒకరి కోసం సాయం అడిగేదాన్ని. ఒకసారి ఫ్లోరైడు నీళ్లకు నడుము వంగిపోయిన పెద్దాయనకు చక్రాల కుర్చీ, ఇంకోసారి గుడిసె కాలిపోయిన వాళ్లకు వంట సామాను. నా పాట వినేవాళ్లు గొప్ప ఉన్నవాళ్లేం కాదు, అయినా ఏనాడూ కాదనలేదు.

లైవ్ మొదలుకాగానే "ఆవాజ్ వస్తాందా?" అని అడగడం నాకు అలవాటు. అందరికంటే ముందు ఒకే పేరు కింద జవాబు పడేది. "వస్తాంది అక్కా."

అతను కొల్లాపూర్ అవతలి పల్లెలో గొర్లు కాసే యువకుడు. తన ఫోటో పెట్టాల్సిన చోట ఒక పొట్టేలు ఫోటో పెట్టుకున్నాడు. నేను అతన్ని ఎన్నడూ చూడలేదు. ఒకరోజు నా ఫోనుకు ఒక రికార్డింగ్ పంపి, కింద ఇలా రాశాడు: "అక్కా, ఇది నా పాట. గొర్లకు తప్ప ఎవ్వలికి నచ్చది."

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. మొదట గాలి. ఎక్కడో దూరంగా ఒక గంట. తర్వాత కేక. చెదిరిన మందను కూడగట్టడానికి వేసే కేక అది. గుండె లోతునుంచి మొదలై, సన్నగా సాగి, చివరికి పోగానే గొంతు విరిగినట్టయి, అక్కడినుంచే మళ్లీ పైకి లేస్తుంది. నేర్చుకుంటే వచ్చేది కాదు. మా అమ్మగారి ఊళ్లో నాట్లేసే ఆడవాళ్ల దగ్గర నేను పాట నేర్చుకున్నాను. కానీ ఇలా ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడే గొంతు వాళ్లలోనూ వినలేదు.

ఫోన్ చేశాను.

"తమ్మీ, నీ కేక నా పాటల పెట్టుకోనా?"

"పెట్టుకో అక్కా. గని పాట పాడేటప్పుడు పక్కపొంటి గొర్లు లేకుంట చూసుకో. నీ ఎంబడే వస్తయి."

ఆ కేకతోనే మొదలయ్యేలా ఒక పాట కట్టాను. చరణానికీ చరణానికీ నడుమ కూడా కేకే వస్తుంది. పాట పెట్టిన ఆదివారం లైవ్‌లో అతని సంగతి అందరికీ చెప్పాను. ఆరోజు అతను ఒకటే మాట రాశాడు, మా అమ్మ ఏడుస్తాంది అక్కా, అని.

తర్వాత కొన్ని ఆదివారాలు అతని జవాబు రాలేదు. ఏమైందోనని నేనే ఫోన్ చేశాను.

"పాలమూరు పెద్ద దవాఖానల ఉన్న అక్కా. కిడ్నీలు ఖరాబైనయంట. వారానికి ఇన్నిసార్లని వచ్చి రక్తం కడిగిచ్చుకోవాలె. బస్సుల వచ్చుడే కష్టమైతాంది."

"లైవ్‌ల చెప్పనా మరి?"

"చెప్పు. గని నా మొఖం చూపియ్యకు. చూస్తే నాకు పిల్లనెవ్వలిస్తరు?"

అందుకే మొఖం లేకుండా, పేరు లేకుండా అడిగాను. ఈ కేక వేసిన తమ్ముడికి బాగాలేదు అని చెప్పి, కేక ఒక్కటే వినిపించాను. కొల్లాపూర్‌లో జీపు నడిపే ఒకాయన తానే దవాఖానకు తీసుకపోతానన్నాడు. మందుల షాపు నడిపే ఒకామె అతని మందుల సంగతి చూసుకుంది. పాట కూడా నేను అనుకోనంత దూరం పోయింది. ఆటోల్లో, పెళ్లి బరాతుల్లో, సంతల్లో అదే. ఒకరోజు అతను సంబరంగా ఫోన్ చేశాడు. "అక్కా, పక్క బెడ్డు మీదాయన ఫోన్ల నా కేక మోగింది. అది నేనే అంటే నమ్మడు. దవాఖానల ఒర్రద్దు అంటరు గదా, లేకుంటే ఏసి చూపిద్దును."

చలికాలం పోయి ఎండలు ముదిరే రోజుల్లో ఒక మధ్యాహ్నం అతని నంబరు నుంచే ఫోన్ వచ్చింది. వేరే గొంతు.

"నేను వాని నాయినను. పిలగాడు పోయిండమ్మా. నీకు చెప్పుమన్నడు."

నేను బస్సెక్కుదామనేలోపే మట్టి చేసేశామని చెప్పాడు. ఫోన్ పట్టుకునే నిలబడ్డాను. అవతల ఆయనా పెట్టెయ్యలేదు. చాలాసేపటికి లైన్ దానంతటదే తెగిపోయింది.

ఆ ఆదివారం అందరికీ చెప్పాలనే కూర్చున్నాను. నోటికి అలవాటైన మాట ముందే వచ్చేసింది. "ఆవాజ్ వస్తాందా?"

"వస్తాంది అక్కా."

అదే పేరు. అదే పొట్టేలు. అందరికంటే ముందు.

నెట్ సరిగా లేక పాత మాట ఇప్పుడు వచ్చిందేమోనని నాకు నేనే చెప్పుకున్నాను. ఏదో పాట సగం పాడి, గొంతు బాగాలేదని ఆపేశాను. తరువాతి ఆదివారం అడగకుండానే మొదలుపెడదామనుకున్నాను. నాలుక ఊరుకోలేదు, అడిగేసింది. జవాబు వచ్చింది. ఆ తర్వాతి వారం కూడా.

చనిపోయాడని చెప్పడానికి నోరు రాలేదు. అతని పేరు అక్కడ కనబడుతుండగా అతను లేడని ఎట్లా అనడం? తమ్ముడికి ఎట్లున్నది అక్కా అని ఎవరైనా అడిగితే మాట దాటేసేదాన్ని. గదిలో ఒక్కదాన్నే కూర్చుని వేరే పాట పని చేసుకుంటుంటే, పాటకు ముందుండే ఆ కొద్దిపాటి నిశ్శబ్దంలో గాలి వీచినట్టు, ఒక గంట కదిలినట్టు వినబడేది. హెడ్‌ఫోన్స్ తీసేస్తే ఏమీ లేదు. పెట్టుకుంటే మళ్లీ ఉండేది. ఒకరోజు తెగించి అతని నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తారు. ఎవరూ మాట్లాడలేదు. ఊపిరి మాత్రం వినబడింది. నేను "హలో" అనగానే పెట్టేశారు.

ఇక ఉండబట్టలేక నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి బస్సులు మారుతూ కొల్లాపూర్ పోయాను. అక్కడినుంచి జీపాయన నన్ను ఊళ్లోకి తీసుకుపోయాడు. మామిడి తోటలు దాటాక, రాళ్ల గోడ దొడ్డి పక్కన రెండు గదుల ఇల్లు. వాకిట్లో అతని తల్లి జొన్నలు చెరుగుతోంది. నేను పేరు చెప్పలేదు, "అమ్మా" అని ఒక్కమాట అన్నాను. చేట కింద పెట్టి లేచింది.

"నువ్వు పాటల బిడ్డవు గదా. గొంతు వడితే ఎరుకైంది. కూసో, నీళ్లు తెస్త."

నీళ్లు తాగాక ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, ఫోన్ ఎవరి దగ్గరుందని అడిగాను. ఆమె నడుముకు చెక్కుకున్న గుడ్డసంచిలోంచి ఫోన్ తీసింది.

"నా దగ్గరనే ఉంటది. ఐతారం ఐతారం నీది పెడత. మావోడు నేర్పిచ్చిండు. ఈ మైకు బొమ్మ మీద ఒత్తి మాట్లాడితే అదే రాసుకుంటదట. నాకు సదువు రాదు బిడ్డా. ఒత్తి 'వస్తాంది అక్కా' అంట. అది పోతది."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. దొడ్డి పనికి గరుకెక్కిన చెయ్యి.

"ఆఖరుకు వానికి శాతగాకుంటే కూడ నేనే అన్న," అంది ఆమె. "అమ్మా, మనం వస్తాంది అనకుంటే అక్క పాడది, ఊకె అడుగుతనే ఉంటది, నువ్వు మర్వకు అన్నడు. నేను మర్వలే."

"మొన్న ఫోన్ చేసిన, మాట్లాడలేదేందమ్మా?"

"ఏం మాట్లాడాలె బిడ్డా. వాడు లేడని మళ్ల చెప్పాలె గద."

కొన్ని వారాలుగా నన్ను పట్టుకున్న భయం పోయిందనుకున్నాను. దాని జాగాలో ఇంకేదో వచ్చి కూర్చుంది. అది భయంకంటే బరువు.

సాయంత్రం ఎండ తగ్గాక అతని తండ్రి మంద కోసం, కోతలైన చేల వైపు పోతూ నన్నూ రమ్మన్నాడు. గొర్లు దూరంగా చెలక గట్ల మీద చెదిరి మేస్తున్నాయి. ఆయన రెండు చేతులు నోటి దగ్గర పెట్టుకుని కేకేశాడు. ఒక్కటీ తల ఎత్తలేదు. మళ్లీ కేకేశాడు. ముందున్న ముసలి గొర్రె ఒకసారి చూసి మళ్లీ మేతలో పడింది.

"చూసినవా," అన్నాడు. "నీ ఫోన్ల పాట పెట్టు."

"వద్దు బాపూ."

"పెట్టు బిడ్డా. నువ్వు చూడాలె."

పెట్టాను. చిన్న ఫోనే, గాలికి కేక సరిగా వినబడను కూడా లేదు. కానీ మంద మొత్తం ఒక్కసారిగా తలెత్తింది. గట్ల మీదినుంచి, తుమ్మ చెట్ల వెనకనుంచి, అన్నీ మా వైపు పరుగెత్తుకొచ్చాయి. వచ్చి మా కాళ్ల చుట్టూ నిలబడ్డాయి. కొన్ని నా చేతిలో ఫోన్ వైపు చూశాయి. కొన్ని మాత్రం మమ్మల్ని దాటుకుని వెనక్కి పోయి, అక్కడ ఎవరో ఉన్నట్టు వెతికాయి. ఎవరూ లేని దారి వైపు చూస్తూ అరిచాయి.

పాట ఆపేశాను. అవి అరుస్తూనే ఉన్నాయి.

"తొవ్వల పోయే ప్రతి ఆటోల ఇదే పాట," అన్నాడు ఆయన. "ఇనవడంగనే రోడ్డెక్కుతయి. మొన్న రెండు లారీ కింద వడ్డయి. వాటిని ఏమంటం, వాడే పిలుస్తుండనుకుంటయి. నాకు కూడ ఒక్కోపారి అట్లనే అనిపిస్తది. మర్లి చూస్త." తలకు చుట్టుకున్న తువ్వాలతో మొఖం తుడుచుకున్నాడు. "తీసెయ్యి బిడ్డా. నీ కడుపు కొట్టాలని కాదు."

ఇంటికొచ్చాక ఆ మాట విని తల్లి గడపలోనే కూర్చుండిపోయింది.

"తీయద్దు," అంది. "వాని గొంతు లోకం మీద తిరుగుతాంది. తిరగనీ."

"తిరిగి తిరిగి గొర్లను సంపుతాంది," అన్నాడు ఆయన.

"గొర్లే కావాలె నీకు."

"కొడుకే కావాలె నాకు. లేడు గద."

ఆమె లేచి నాకు రొట్టె పెట్టింది. ఆయన దొడ్డికి కంచె తడిక అడ్డం పెట్టడానికి పోయాడు.

మోత్కూర్ తిరిగొచ్చి ఆలోచించాను. నా పాటల్లో అంత దూరం పోయింది అదొక్కటే. దాన్ని విని నన్ను పిలిచిన ఊళ్లెన్నో. ఆదివారం లైవ్‌లో మొదటిసారి మొత్తం చెప్పాను. తమ్ముడు లేడనీ, ఇన్ని వారాలు జవాబిచ్చింది అతని తల్లి అనీ, మంద సంగతీ. పాటను ఛానల్ నుంచి తీసేస్తున్నానన్నాను. కొందరు ఏడ్చారు, కొందరు తీయొద్దని కోపగించారు. జీపాయన మాత్రం, ఇకమీదట కూడా దవాఖానకు పోయేవాళ్లుంటే నాకు చెప్పండి అని రాశాడు. ఆయన ఇప్పటికీ ఆ పల్లెల నుంచి రోగులను తీసుకుపోతూనే ఉన్నాడు.

తల్లికి మాత్రం అతను నాకు పంపిన అసలు రికార్డింగ్ పంపాను. అందులో నా పాట లేదు, వాయిద్యం లేదు, గాలి, గంట, అతనే. తలుపేసుకుని వింటానని మాటిచ్చింది.

నేను తీసేసినంత మాత్రాన పాట పోలేదు. అప్పటికే ఎందరి ఫోన్లలోనో చేరిపోయింది. ఎవరెవరో తమ ఛానళ్లలో పెట్టుకున్నారు. ఆటోలవాళ్లను ఆపి చెప్పడం తండ్రి వల్ల కాలేదు. వానకాలం మొదలయ్యేలోపు మంద అమ్మేశాడు. కొన్నవాళ్లు హాలియా వైపు తోలుకుపోయారని జీపాయన చెప్పాడు.

ఆ తర్వాతి పంట కోతలప్పుడు హాలియాలో ఒక సభలో పాడటానికి పోయాను. సభ మొదలు కావడానికి టైముందని కాలువ గట్టు మీద నడుస్తుంటే, వరి కోసిన మళ్లలో ఒక మంద కనబడింది. అవేనో కాదో నాకు తెలియదు. గొర్లను మొఖం చూసి గుర్తుపట్టే చదువు నాకు లేదు. ఫోన్ సంచిలోనే ఉంది, ఆ రికార్డింగ్ కూడా ఉంది. ఒక్కసారి వినిపిస్తే తెలిసిపోతుంది. చెయ్యి సంచిలోకి పోయింది కూడా. ఫోన్ తగలగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

గట్టు మీద గొంగడి వేసుకుని కూర్చున్న ముసలాయనను అడిగాను. "ఎక్కడియి తాతా, గీ గొర్లు?"

"కొన్ని ఇక్కడియే. కొన్ని పాలమూరు దిక్కునుంచి తెచ్చిన."

"చెప్పినట్టు ఇంటున్నయా?"

"మొదట్ల శాన సతాయించినయి. పొద్దంత తొవ్వదిక్కే చూసేటియి. గిప్పుడు మంచిగనే ఉన్నయి, నేను పిలిస్తే వస్తున్నయి." ఆయన లేచి, నోటితో చిన్నగా చప్పుడు చేశాడు. గొర్లు మళ్లు దాటుకుని ఆయన దగ్గరికి వచ్చాయి.

ఆ సంగతి చెబుదామని ఆ రోజే కొల్లాపూర్‌కు ఫోన్ చేశాను. తండ్రి ఎత్తాడు. నేను చెప్పిందంతా విన్నాడు.

"మంచిదే తీయి," అన్నాడు. "నేను రెండు మేకలు తెచ్చుకున్న బిడ్డా. అవి ఎవ్వల మాట ఇనయి. వాటి ఎంబడి నేనే తిరుగుతున్న."